ఎవరైనా చేసే హైదరీ

అయ్వలిక్,
ఫిబ్రవరి 1, 1984

ప్రియమైన బెహిజెకి,

నీ రెండు కళ్ళనూ ముద్దాడుతూ రాస్తున్నాను. నువ్వు బుర్సా బస్సెక్కి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. సాదెత్ వదిన తుంటి ఎముక అతుక్కుంటోందా? ఆరు వారాలు పడుతుందని డాక్టరు అన్నట్టు చెప్పి వెళ్ళావు. అంటే ఇంకా మూడు వారాల రెండు రోజులు. నేనేమీ లెక్క పెట్టుకుంటూ కూర్చోలేదు, క్యాలెండరు వంటింట్లోనే వేలాడుతోంది కాబట్టి కంట పడింది.

ఇక్కడ నాకు ఏ లోటూ లేదు. బొగ్గుల పొయ్యి రాజేయడం వచ్చింది. చొక్కాలు నేనే ఉతుక్కుంటున్నాను, కాలర్లు మాత్రం ఎందుకో పసుపుపచ్చగానే మిగిలిపోతున్నాయి. మూడు రోజులుగా దక్షిణపు గాలి కొడుతోంది, ఊళ్ళో అందరికీ తలనొప్పులే, పడవ ఒక్కటీ కదల్లేదు. నువ్వు నీలం గిన్నెలో పెట్టి వెళ్ళిన పెరుగు నిన్నటితో అయిపోయింది. అడుగున మిగిలింది కూడా రొట్టెతో తుడిచి తిన్నాను. గిన్నె కడగక్కర్లేనంత శుభ్రంగా తిన్నానని తెలిస్తే సంతోషిస్తావని చెబుతున్నాను.

ఒక చిన్న పని పడింది. నువ్వు వెళ్ళినప్పటి నుంచీ మా శనివారాలు ఆగిపోయాయి. పదకొండో తారీఖు శనివారం కెప్టెన్ జావిత్‌నీ, మందుల షాపు ముహ్సిన్‌నీ మళ్ళీ రమ్మన్నాను. చేప వేయించిస్తానని రేవు దగ్గర హోటలువాడు ఒప్పుకున్నాడు. తెల్ల చీజ్ ఉంది, ఆలివ్‌లు ఉన్నాయి. హైదరీ మాత్రం లేదు. పక్కన హైదరీ పళ్ళెం లేకుండా రాకీ సారా గ్లాసు ముందు పెడితే జావిత్ దాన్ని అవమానంగా తీసుకుంటాడని నీకు తెలుసు. అదెలా చేస్తావో ఒక్క ముక్క రాసి పంపు. పెద్ద వివరాలు అక్కర్లేదు. పెరుగూ, వెల్లుల్లీ, ఏదో ఆకూ, అంతేగా. నాలుక మీద ఒక్క చుక్క వేసుకుని ఇది ఏ తోట నూనో, ఏ వారం దులిపిన కాయో చెప్పి ముప్ఫై ఏళ్ళు ఆలివ్ నూనె మిల్లులో జీతం తీసుకున్నవాణ్ణి. గిన్నెడు పెరుగుకి జడుస్తానా?

వదినకి నా సలాములు చెప్పు. తొందరగా రా.

నీ
నాఫిజ్


బుర్సా,
ఫిబ్రవరి 6

ప్రియమైన నాఫిజ్ బే,

మీ ఉత్తరం అందింది. అక్క ఇంకా మంచం మీదే ఉంది. కాలు కదలదు గానీ నోరు రెండింతలు కదులుతోంది. పొద్దున్నే దిండు ఎత్తుగా ఉందంటుంది, మధ్యాహ్నానికి అదే దిండు పల్చబడిందంటుంది. కొండ మీద మంచు ఇంకా తగ్గలేదు.

నీలం గిన్నె సంగతి చదివాక ఉత్తరం పక్కన పెట్టి కాసేపు కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చున్నాను. బస్టాండులో నేను మీతో అన్న ఆఖరి మాట ఏమిటో గుర్తుందా? గిన్నె ఖాళీ చేయొద్దు, అడుగున నాలుగు చెంచాలు ఉంచి, దానితో మళ్ళీ పాలు తోడేసుకోండి అన్నాను. మీరు డ్రైవరుతో మాట్లాడుతూ తలాడించారు. మీరు రొట్టెతో తుడిచింది తోడు, నాఫిజ్ బే. మా అమ్మ క్రీట్ దీవి నుంచి తెచ్చుకున్న తోడు. అక్కడి ఇల్లు పోయింది, తోట పోయింది, తోడు మాత్రం ఓడెక్కి వచ్చింది. నా పెళ్ళికి అమ్మ దాన్ని నాకిచ్చింది. ఆ ఇంట్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒక్క రోజు కూడా తెగకుండా నడిచింది. సరే, ఇప్పుడు అనుకుని ఏం లాభం.

ఎదురింటి నిగార్ హానిమ్ దగ్గరికి వెళ్ళండి. ఆమె కొత్త కోడలిగా ఆ వీధికి వచ్చిన ఏడాది నా దగ్గరే తోడు పట్టుకెళ్ళింది, కాబట్టి ఆమె ఇంట్లో ఉన్నదీ మనదే. పొద్దు వాలకముందే వెళ్ళండి. పొద్దు వాలాక ఎవరూ తోడు బయటికివ్వరు. పాలు కాచి, చిటికెన వేలు పెడితే ఏడు లెక్కపెట్టేదాకా ఓర్చుకోగలిగేంత వేడికి రానిచ్చి తోడేయండి. పెరుగయ్యాక గుడ్డలో మూటకట్టి కొళాయికి వేలాడదీసి, నీరంతా దిగేదాకా ఉంచండి. వెల్లుల్లి ఉప్పుతో కలిపి చెక్క కల్వంలో నూరండి. రెండు రెబ్బలే, మూడైతే మీకు గుండె మంట. సోయకూర సన్నగా తరిగి వేయండి, మీకిష్టం కాబట్టి కాస్త ఎక్కువే. ఎండు పుదీనా అరచేతుల మధ్య నలిపి, మీ మిల్లు నూనెలో కొద్దిగా వెచ్చబెట్టి కలపండి. అది వాసనకి మాత్రమే, ఎక్కువైతే మీరు తినరు.

పెద్ద వివరాలు అక్కర్లేదన్నారు గనుక ఇంతటితో ఆపుతున్నాను. కొత్త సంవత్సరం వెళ్ళిన మొదటి శనివారం ముహ్సిన్ బే ఇందులో ఏం వేస్తారని అడిగితే, "అదేముంది, ఎవరైనా చేస్తారు" అని మీరే అన్నారు కదా. వంటింటికీ గదికీ మధ్య ఉన్నది ఒక తెర. గోడ కట్టలేదు.

బెహిజె


అయ్వలిక్,
ఫిబ్రవరి 20

ప్రియమైన బెహిజెకి,

నీ ఉత్తరం శుక్రవారం అందింది, శనివారానికి అక్కరకొచ్చింది. విందు చాలా బాగా జరిగింది. ముహ్సిన్ రెండుసార్లు వడ్డించుకున్నాడు. జావిత్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్రతి శనివారం ఇలాగే కూర్చోవాలని అనుకున్నాం. నువ్వేమీ దిగులు పడకు.

నిగార్ హానిమ్ ఇంట్లో లేదు, కూతురింటికి వెళ్ళిందట. అందుకని బజారు పెరుగుతో కానిచ్చాను. పెద్ద తేడా ఏమీ తెలియలేదు.

జావిత్ నిన్నొక మాట అడగమన్నాడు. వాళ్ళింట్లో ఎవరో హైదరీ చేస్తే పళ్ళెంలో వేయగానే పెరుగు ఒక పక్కకీ నీళ్ళు ఒక పక్కకీ పారాయట. కారణం ఏమై ఉంటుంది? ఇంకోసారి పుదీనా నూనె పోయగానే పెరుగు పలుకులు పలుకులుగా విరిగిపోయిందట. అదీ జావిత్ ఇంట్లోనే. మరోసారి ఎండు పుదీనా దొరక్క పచ్చి ఆకు వేస్తే గంటకల్లా అంతా పచ్చ నీళ్ళయిపోయిందట. నాకెందుకులే అనుకున్నాను గానీ, పాపం, మరీ మరీ అడిగాడు. నువ్వు తీరిక చూసుకుని రాస్తే అతనికి చెబుతాను.

ఆరు వారాలు ఈ శుక్రవారంతో నిండుతాయి. ఏ బస్సుకి వస్తున్నావో రాస్తే నేను బస్టాండుకి వస్తాను. నీ పక్క దుప్పటి ఎండలో వేశాను. పిట్టలు పాడు చేశాయి, మళ్ళీ ఉతికాను.

నీ
నాఫిజ్


బుర్సా,
మార్చి 4

ప్రియమైన నాఫిజ్ బే,

కెప్టెన్ జావిత్ బేకి నా సలాములు చెప్పండి. పాపం, ముసలితనంలో వంటింట్లో తిప్పలు పడుతున్నాడని తెలిసి జాలేసింది. అతనికి ఈ నాలుగు మాటలూ చదివి వినిపించండి.

నీళ్ళు పారడానికి కారణం తొందర. పెరుగుని మూటకట్టి, పది నిమిషాలకోసారి విప్పి చూసి, అయిపోయింది కాబోలు అని దింపేసి ఉంటాడు. మూట పిడికెడయ్యేదాకా ముట్టుకోకూడదు. విరిగిపోవడానికి కారణం కూడా అదే. నూనె పొయ్యి మీంచి దించగానే పోశాడు. గిన్నె అడుగున చెయ్యి పెడితే చల్లగా తగలాలి, అప్పుడే కలపాలి. ఇక పచ్చి పుదీనా వేశాడంటే ఏం చెప్పను. దానికి దోసకాయ కూడా తరిగి వేసుంటే కనీసం ఇంకో వంటకమని పేరు చెప్పుకునేవాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మూటని, పుదీనాని తిట్టుకోవద్దని చెప్పండి. పెద్ద తేడా తెలియలేదని అన్నాడో లేదో గానీ, అన్నా నమ్మకండి.

డాక్టరు ఇంకో రెండు మూడు వారాలు చూద్దామన్నాడు. అక్కని వదిలి రాలేను. ఇక్కడ ఎండ వచ్చింది. నిన్న అక్క బజారు నుంచి పాలకూర తెచ్చింది, అదే, పక్కింటివాళ్ళ చేత తెప్పించింది, రొట్టె చేసుకున్నాం. దుప్పటి మీరు ఉతికారంటే ముక్కున వేలేసుకున్నాను. వేడినీళ్ళలో ఉతికితే మరక ఊడదు, చన్నీళ్ళు వాడండి.

బెహిజె


అయ్వలిక్,
మార్చి 21

ప్రియమైన బెహిజెకి,

జావిత్‌కి చదివి వినిపించాను. బుద్ధొచ్చిందన్నాడు.

నేనూ ఇప్పుడు ఓపిగ్గా చేస్తున్నాను. శుక్రవారం సాయంత్రం మూట కొళాయికి కట్టి, దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాను. చుక్క చుక్కగా తొట్టిలో పడుతుంది. ఇంట్లో ఇంకేం చప్పుడు లేదు, బెహిజె. రేడియో పెడితే ఆ చప్పుడు వినపడదని కట్టేస్తున్నాను. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒకటి గలగలమంటూ ఉండేది, అదంతా నువ్వేనని నాకు తెలియలేదు.

ఇప్పుడు నీళ్ళు పారడం లేదు, విరగడం లేదు. చూడ్డానికి నువ్వు చేసినట్టే ఉంటుంది. నోట్లో వేసుకుంటే వేరే. ఏదో లేదు. ఉప్పు సరిచూశాను. వెల్లుల్లి కాదు, సోయకూర కాదు. మింగాక నాలుక వెనకాల ఒక పులుపు వచ్చి నిలబడేది, అది లేదు. నేను నాలుకతో బతికినవాణ్ణి, ఇది నా ఊహ అనకు.

వదిన పాలకూర తెచ్చిందని రాసి, వెంటనే మాట మార్చావు. నేను ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. రెండు మూడు వారాలన్నావు, అవీ నిండుతున్నాయి. ఎప్పుడొస్తావు?

నీ
నాఫిజ్


బుర్సా,
ఏప్రిల్ 14

ప్రియమైన నాఫిజ్ బే,

జవాబు ఆలస్యమైంది. రాయడానికి రెండుసార్లు కూర్చున్నాను, రెండుసార్లూ లేచిపోయాను.

మీ నాలుక అబద్ధం చెప్పదు. లేనిది తోడే. బజారు పెరుగు పుల్లగా ఉంటుంది, అంతే. మన పెరుగుకి ఆ వెనకటి పులుపు ఏళ్ళ తరబడి వచ్చింది. మీరు నిగార్ గుమ్మం ఎక్కలేదని నాకు తెలుసు. ఆమె కూతురు జర్మనీలో ఉంది, ఫిబ్రవరిలో ఎలా వెళ్ళొస్తుంది? తోడు అడిగితే ఇంట్లో ఆడమనిషి లేదని వీధంతా అనుకుంటుందని మీ భయం. ఆ సంగతి వీధికి జనవరిలోనే తెలుసు, నాఫిజ్ బే.

నా సంగతి హిదిరెల్లెజ్ పండగ వెళ్ళాక చూద్దాం. ఇప్పుడేమీ అడగకండి.

బెహిజె


అయ్వలిక్,
మే 8

ప్రియమైన బెహిజెకి,

ఈసారి జావిత్ తరఫున ఏమీ అడగను. నిండా మునిగినవాడికి చలేమిటని అన్నీ రాసేస్తున్నాను.

వాళ్ళు ఫిబ్రవరి పదకొండు తరవాత మళ్ళీ ఈ ఇంటికి రాలేదు. నేను పళ్ళెంలో పోసింది చూసి జావిత్, సూప్ ముందే తెచ్చావేం, చెంచాలేవని అడిగాడు. అందరం నవ్వాం. తరవాతి శనివారం ముహ్సిన్‌కి రక్తపోటు వచ్చింది, ఆ పై శనివారం జావిత్‌కి మోకాలు నొప్పి. ఆ తరవాత నేనూ పిలవలేదు. ప్రతి శనివారం బల్ల సర్ది, గ్లాసులో పోసుకుని, గడియారం చూసి, ఒక్కణ్ణే తినేసి లేస్తున్నాను. ముప్ఫై ఏళ్ళుగా వాళ్ళు నా కబుర్ల కోసం వస్తున్నారనుకున్నాను. వాళ్ళొచ్చింది నువ్వు చేసిన పళ్ళేల కోసం. విరిగిందీ, పచ్చ నీళ్ళయిందీ అన్నీ ఈ ఇంట్లోవే. నీకు ముందే తెలుసని నాకూ తెలుసు.

మొన్న ఆదివారం హిదిరెల్లెజ్. ఆ తెల్లవారుజామున హిజిర్ బాబా ఏ ఇంటి పాలను తాకితే ఆ పాలు తోడు లేకుండానే పేరుకుంటాయని మా అమ్మ అనేది. నేను ఎప్పుడూ నవ్వేవాణ్ణి. ఈసారి చీకటితోనే లేచి, పెరట్లో పుదీనా ఆకుల మీది మంచు చెంచాతో తీసి పాలలో వేసి, నీ ఉన్ని శాలువా చుట్టి పెట్టాను. మధ్యాహ్నం విప్పితే పాలు పాలలాగే ఉన్నాయి. సాయంత్రానికి విరిగిపోయాయి. బాబా మన వీధికి వచ్చాడో లేదో, మన ఇంటికి మాత్రం రాలేదు.

నిన్న మధ్యాహ్నం నీలం గిన్నె పట్టుకుని నిగార్ హానిమ్ తలుపు కొట్టాను. గిన్నె చూడగానే ఆమెకి అర్థమైంది.

"ఈ వీధిలో ఉన్న తోడంతా మీ ఇంటిదే నాఫిజ్ బే, మీ ఇంటికే లేకుండా పోయిందా?" అంది.

గిన్నె ముందుకి చాపాను.

"నేనివ్వను," అంది. "ఇచ్చానంటే బెహిజె అక్క లేకుండా కూడా ఆ ఇల్లు నడిచిపోతుంది. తను వచ్చి అడగనీ, గిన్నెడు ఇస్తాను."

కోపంగా అనలేదు. కాఫీ తాగి వెళ్ళమంది కూడా. ఖాళీ గిన్నె పట్టుకుని వీధి దాటి వచ్చాను. మెట్ల మీద బఠాణీలు ఒలుస్తున్న ఆడవాళ్ళందరూ చూశారు.

ఆ మాట నాకు గుర్తొచ్చింది, బెహిజె. ఫిబ్రవరిలోనే గుర్తొచ్చింది, గుర్తు లేనట్టు నటించాను. ముహ్సిన్ అడిగినప్పుడు నిన్ను పిలిచి చెప్పమనాల్సింది. ఎవరైనా చేస్తారన్నాను. ఆ తరవాత రెండో పళ్ళెం రాలేదు. తలనొప్పిగా ఉందని లోపలి నుంచే చెప్పావు. నేను సరేలే అనుకుని ఇంకో గ్లాసు పోశాను.

ఇంకొకటి కనిపెట్టాను. వెల్లుల్లి నూరి, మూట పిండి, పుదీనా నలిపి, అన్నీ కలిపేసరికి చేతులు కంపు కొడతాయి, నాకే తినబుద్ధి కాదు. అప్పుడు నువ్వెప్పుడు తినేదానివా అని ఆలోచించాను. ఎంత ఆలోచించినా ఆ బల్ల దగ్గర నువ్వు కూర్చున్న ఒక్క శనివారం నాకు గుర్తు రాలేదు. ఏ నూనె ఏ తోటదో మరిచిపోనివాణ్ణి, ఇది మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. సిగ్గేసింది.

వచ్చెయ్, బెహిజె. వండటానికి కాదు. ఈ ఇంట్లో నాకు భయంగా ఉంది.

నీ
నాఫిజ్


బుర్సా,
మే 25

ప్రియమైన నాఫిజ్ బే,

మీ ఉత్తరం చదివి ఏడ్చాను. అక్క చూసి ఎవరు పోయారని అడిగింది.

మీరు అంతా చెప్పారు కాబట్టి నేనూ చెబుతాను. అక్క మార్చి మొదటి వారంలోనే చేతికర్ర పట్టుకుని నడిచింది. పాలకూర తనే తెచ్చింది. ఇప్పుడు కర్ర కూడా వదిలేసి వేడినీళ్ళ స్నానాలకి కొండ దిగి, మళ్ళీ తనే ఎక్కి వస్తోంది. నేను ఇక్కడ ఉండిపోయింది ఆమె తుంటి కోసం కాదు.

ఇక్కడికి వచ్చిన మొదటి వారం హైదరీ చేసి అక్క మంచం దగ్గర పెట్టి, వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను. అక్క పిలిచింది. "ఎవరికోసం నిలబడ్డావే అక్కడ? వచ్చి కూర్చో," అంది. కూర్చున్నాను. రొట్టె ముక్కతో తీసుకుని తిన్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు నేను దాన్ని చెంచా కొసతో ఉప్పు చూశాను, అంతే. చల్లగా ఉన్నప్పుడు, తీరిగ్గా, ఎదుట ఇంకో మనిషి తింటుంటే అది ఎలా ఉంటుందో నాకు ఇన్నాళ్ళకి తెలిసింది. నాకు చాలా నచ్చింది, నాఫిజ్ బే. నేను ఇంత బాగా చేస్తానని నాకు ఎవరూ చెప్పలేదు.

మీ మాటకి కోపం వచ్చి వెళ్ళిపోయానని మీరు అనుకుంటున్నారు. కోపమైతే బస్సు బాలికెసిర్ దాటేలోపు తగ్గిపోయేది. ఆ శనివారం తెర వెనక పళ్ళెం పట్టుకుని నిలబడి, ఆయన అన్నది నిజమే కదా, ఎవరైనా చేస్తారు కదా అని నేనూ అనుకున్నాను. ఆ ఎవరైనా అన్నవాళ్ళలో నేనూ ఒకతెనని తోచాక ఇక ఆ ఇంట్లో నిలవలేకపోయాను.

ఈ కవరులో మడతపెట్టిన తెల్ల గుడ్డ ముక్క ఉంటుంది. బిగుసుకుపోయి, పుల్లటి వాసనేస్తుంది. మురికని పారేయకండి. అక్క ఇంటి పెరుగులో ముంచి నీడలో ఆరబెట్టాను. ఇదీ అమ్మ తోడే. ఓడలో అమ్మ ఇలాగే తెచ్చింది, రవికెలో దాచుకుని. గోరువెచ్చని పాలలో వేసి, కప్పి, ఒక పగలు కదపకుండా ఉంచండి. మొదటిసారి పల్చగా జారుతుంది, భయపడకండి. దానితో రెండోసారి, దానితో మూడోసారి తోడేస్తే మన పెరుగొస్తుంది. నిగార్ మీద కోపం పెట్టుకోవద్దు. పాపం, అది నాకోసం ఎదురుచూసింది.

వచ్చేదాన్నయితే నేనే చేత్తో పట్టుకొచ్చేదాన్ని. మీకు తెలుస్తుంది. నేను రావడం లేదు. ఇది నాలుగు నెలలు ఆలోచించి రాస్తున్న మాట. మీరు చెడ్డవారని ఎక్కడా అనలేదు, అనను కూడా. మీకు జ్వరమొస్తే కబురు పంపండి.

బెహిజె


అయ్వలిక్,
జూన్ 17

ప్రియమైన బెహిజెకి,

కవరు గుమ్మంలోనే చించాను. గుడ్డ కింద పడింది. నిగార్ హానిమ్ ఎదుట మెట్లు కడుగుతోంది, వచ్చి తీసి ఇచ్చింది. వాసన చూసింది. తిరిగొచ్చే మనిషి తోడు పోస్టులో పంపదని ఈ వీధిలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. నేను ఉత్తరం చదవకముందే నీ జవాబు తెలిసిపోయింది.

గుడ్డని మూడు రోజులు సొరుగులో పడేశాను. నీ మీద కోపం వచ్చింది. ఇది నాకెందుకు, నేనేం చేసుకోను అనుకున్నాను. నాలుగో రోజు తీసి పాలలో వేశాను. మొదటిసారి నువ్వన్నట్టే చీమిడిలా జారింది. రెండోసారి చెంచా నిలబడింది. మూడోసారి మూత తీయగానే రుచి చూడక్కర్లేకపోయింది. వంటింట్లోనే నిలబడి కాసేపు ఏడ్చాను.

మూట కట్టాను, ముట్టుకోలేదు. నూనె చల్లారేదాకా ఆగాను. నిన్న శనివారం జావిత్‌నీ ముహ్సిన్‌నీ పిలిచాను. మర్యాదకి వచ్చారు, చెంచాలు తెచ్చామని జావిత్ జేబు తట్టి చూపించాడు కూడా. ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని రొట్టె కింద పెట్టేశాడు. బెహిజె వచ్చిందా అని లోపలికి తొంగి చూశాడు.

"రాలేదు, రాదు," అన్నాను. "ఇది ఆవిడ తోడు, ఆవిడ పద్ధతి. ఇదే బల్ల దగ్గర కూర్చుని ఎవరైనా చేస్తారని అన్నాను. నాకు నాలుగు నెలలు పట్టింది, ఇంకా సగమే వచ్చింది. ఆ రోజు నేనన్నది తప్పు."

జావిత్, తన భార్య మక్బూలె ఎక్కడ కూర్చుని తింటుందో తనెప్పుడూ చూడలేదన్నాడు. రెండో గ్లాసు పోసుకోకుండానే టోపీ తీసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

నిన్ను రప్పించాలని ఇదంతా రాయడం లేదు. ఆ మాట ఎక్కడ అన్నానో అక్కడే వెనక్కి తీసుకున్నానని నీకు తెలియాలి, అందుకు రాశాను. ఇంట్లో ఇప్పుడు పెరుగుంది. నిగార్ వీధిలో కనబడితే పలకరిస్తోంది.

కొలతలు సరిచూసుకుందామని నిన్న నీ ఉత్తరాలన్నీ మళ్ళీ తీశాను. రెండు రెబ్బలే, మూడైతే మీకు గుండె మంట. సోయకూర మీకిష్టం. పుదీనా ఎక్కువైతే మీరు తినరు. నూనె మీ మిల్లుది. అన్నీ నావే. నీది ఒక్కటీ లేదు. నువ్వు నీకోసమే చేసుకుంటే వెల్లుల్లి ఎన్ని రెబ్బలు వేస్తావు? పుదీనా ఎక్కువ ఉండాలా, సోయకూరా? అసలు నూనె ఇష్టమా, వెన్నా? ముప్ఫై ఒక్క ఏళ్ళు నీతో ఉన్నాను, నాకు తెలియదు.

రాయి, బెహిజె. వచ్చే శనివారం ఒక్కణ్ణే ఉంటాను, అలా చేసి తిని చూస్తాను.

నీ
నాఫిజ్